ఎవరూ పాడని స్వరం: బృందగానంలో కొత్తగా చేరేవారికి సమగ్ర మార్గదర్శి

బృందంలో పాడడంలో ఆనందం ఏమిటని అడిగితే చాలామంది స్నేహాల గురించో, వేదిక గురించో, చప్పట్ల గురించో చెబుతారు. అవన్నీ నిజమే గాని, వాటికంటే చిన్నదీ వింతైనదీ మరొకటి ఉంది. నాలుగు వరుసలుగా విడిపోయిన గొంతులు ఒక దీర్ఘ స్వరం మీద సరిగ్గా కుదురుకున్నప్పుడు, వాటన్నిటికీ పైన, ఆ గదిలో ఎవరూ పాడని స్వరం ఒకటి సన్నగా మోగుతుంది. అది భ్రమ కాదు. ప్రతి గొంతులోనూ ప్రధాన స్వరంతో పాటు పుట్టే అతిస్వరాలు ఒకదానిమీద ఒకటి పడి బలపడినప్పుడు చెవికి అందే ధ్వని అది. నేను పదేళ్ళకు పైగా బృందంలో అందరికంటే కింది వరుసలో పాడుతున్నాను. దాన్ని మొదటిసారి విన్న రోజున, ఎవరో తలుపు దగ్గర నిలబడి పాడుతున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఈ మార్గదర్శిలో చెప్పబోయే మెట్లన్నీ కొత్తగా చేరినవారిని ఆ స్వరం వినిపించే చోటికి చేర్చడానికి ఉద్దేశించినవి.

మొదటి మెట్టు: చేరేముందు కూర్చుని వినడం

బృందగానం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి. అందరూ ఒకే బాణీని కలిసి పాడడం ఒకటి; వేర్వేరు వరుసలు ఒకేసారి నడుస్తూ ఒకదానికొకటి ఆసరాగా నిలవడం, అంటే హార్మనీ, రెండోది. మొదటిది తేలికని, రెండోది పెద్దవారి వ్యవహారమని అనుకోవడం పొరపాటు. ముప్పై మంది ఒకే బాణీని పాడేటప్పుడు తేడా దాచుకోవడానికి చోటే ఉండదు. ఒక్కరు వెంట్రుకవాసి కిందికి జారినా పాట మొత్తం మసకబారుతుంది. గమకాలు ఎక్కువగా ఉన్న బాణీ అయితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఒంటరి గాయకుని గొంతులో సొగసుగా ఉండే ఊపు, ముప్పై గొంతుల్లో ముప్పై రకాలుగా ఊగి గజిబిజి అవుతుంది. అందుకే బృందానికి బాణీ కట్టేవారు గమకాలను తగ్గించి, ఉంచిన ఒకటి రెండింటినీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మాత్రలతో, అంటే తాళపు లెక్కలతో సహా తేల్చి చెబుతారు.

ఒక బృందంలో చేరాలనిపిస్తే, ముందుగా అనుమతి తీసుకుని వారి సాధనకు శ్రోతగా వెళ్ళండి. వారి ప్రదర్శన చూసి నిర్ణయించుకోవద్దు. మీరు గడపబోయే సమయమంతా సాధన గదిలోనే గాని వేదిక మీద కాదు. నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఆ రోజు మొదటి పది నిమిషాల్లో పాడిన పాట, చివరి పది నిమిషాల్లో మెరుగ్గా వినిపించిందా? వినిపించిందంటే ఆ బృందనాయకునికి పని తెలుసు. తప్పు పట్టుకున్నప్పుడు ఆయన మనిషిని పట్టుకుంటున్నారా, స్వరాన్ని పట్టుకుంటున్నారా అన్నది కూడా గమనించదగినదే.

కొన్ని బృందాలు చేర్చుకునే ముందు గొంతు పరీక్ష చేస్తాయి. దానికి భారీ పాట సిద్ధం చేసుకుని వెళ్ళేవారు ఎక్కువ గాని, పరీక్షించేవారు చూసేది వేరు. ఒక చిన్న స్వరగుచ్ఛం వినిపిస్తే తిరిగి పాడగలరా, పక్కన మరొకరు వేరే వరుస పాడుతున్నా మీ వరుస వదలకుండా ఉండగలరా, పొరపాటు చెబితే వెంటనే దిద్దుకోగలరా అన్నవే వారికి ముఖ్యం. పరీక్ష లేని బృందాలు కూడా చాలా ఉన్నాయి; బిడియస్తులు అక్కడ మొదలుపెట్టడం మంచిది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పాట తరగతుల్లో చేరినవారిని, రచన, చేతిపనుల తరగతుల్లో చేరినవారితో ఏడు నెలల పాటు పోల్చి చూశారు. చివరికి అన్ని తరగతుల్లోనూ సాన్నిహిత్యం దాదాపు సమానంగానే ఏర్పడింది గాని, పాడేవారి మధ్య మాత్రం అది మిగతావారికంటే త్వరగా కుదిరింది. కొత్తచోట మొదటి నెల గడవడమే కష్టమనుకునేవారికి ఇది ఊరటనిచ్చే విషయం.

రెండో మెట్టు: మీ గొంతు ఏ వరుసకు చెందుతుందో తెలుసుకోవడం

నాలుగు వరుసల బృందంలో పైనుంచి కిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. మొదటి రెండూ సాధారణంగా స్త్రీల గొంతులు, తరువాతి రెండూ పురుషుల గొంతులు. సొప్రానోలు సుమారు 262 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) నుంచి 880 వరకు, ఆల్టోలు 196 నుంచి 587 వరకు, టెనర్లు 131 నుంచి 440 వరకు, బేస్ గాయకులు 82 నుంచి 330 వరకు పాడవలసి వస్తుంది. ఈ అంకెలు గీతల్లాంటివి కావు, పొలం గట్లలాంటివి. అటూ ఇటూ అడుగు పడుతూనే ఉంటుంది.

మీరు ఎంత పైకి వెళ్ళగలరన్నదాన్ని బట్టి వరుస ఎంచుకోకండి. ఏ స్థాయిలో అరగంట పాడినా గొంతు అలసిపోకుండా ఉంటుందో అదే మీ చోటు. ఒకటి రెండు పై స్వరాలు అందుతున్నాయి కదా అని టెనర్లలో నిలబడి, ఆరు నెలల తరువాత గొంతు బొంగురుపోయి బేస్‌లోకి దిగివచ్చినవారిని నేను చూశాను. బాణీ చాలావరకు సొప్రానోల దగ్గరే ఉంటుంది కాబట్టి మిగతా వరుసలు చిన్నబోతాయన్న అపోహ కూడా ఉంది. ఆల్టోలో ఒకే స్వరాన్ని ఎనిమిది మాత్రలు పట్టుకుని, తొమ్మిదో మాత్రలో అర స్వరం కిందికి దిగినప్పుడు పాట రంగే మారిపోయే సందర్భాలుంటాయి. ఆ మార్పు ఎవరి వల్ల జరిగిందో శ్రోతకు తెలియదు, పాడినవారికి మాత్రం బాగా తెలుసు.

మూడో మెట్టు: ఒళ్ళు, ఊపిరి, గొంతు సిద్ధం చేసుకోవడం

సాధనకు ముందు పది పదిహేను నిమిషాలు గొంతును మేల్కొలపాలి. పెదవులు మూసి సన్నగా మ్ మ్ అని మూలగడం, చిన్నపిల్లలు బండి నడిపే ఆటలో చేసినట్టు పెదవులను బుర్రుమనిపిస్తూ కింది స్వరం నుంచి పై స్వరానికి జారడం, సన్నని గొట్టంలోకి ఊదుతూ పాడడం వంటివి ఇందుకు పనికివస్తాయి. నోరు సగం మూసుకుని పాడినప్పుడు వెనక్కి వచ్చే గాలి ఒత్తిడి స్వరతంత్రులు ఒకదానికొకటి బలంగా కొట్టుకోకుండా కాపాడుతుంది, అందువల్ల అవి అలసట లేకుండా వేడెక్కుతాయి.

నిలబడేటప్పుడు పాదాల మధ్య భుజాలంత ఎడం ఉంచి, మోకాళ్ళు బిగపట్టకుండా, కాగితం ఛాతీకి కొంచెం పైగా పట్టుకోండి. కాగితం కిందికి దిగితే గడ్డం దిగుతుంది, గడ్డం దిగితే గొంతు నలుగుతుంది. ఊపిరి తీసుకున్నప్పుడు భుజాలు లేవకూడదు. పక్కటెముకలు, పొట్ట వెలుపలికి విచ్చుకోవాలి. పీల్చడం కంటే వదలడమే అసలు విద్య. నాలుగు మాత్రల్లో పీల్చిన గాలిని స్‌స్‌ అంటూ పన్నెండు మాత్రల పాటు సమంగా వదలండి, తరువాత పదహారు, ఆపైన ఇరవై. చివర్లో గాలి బుస్సున పోతే మాత్రలు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఈ ఊపిరికి మరో పార్శ్వం కూడా ఉంది. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు కలిసి పాడేవారి గుండె లయను కొలిచి చూసినప్పుడు, పాట నిర్మాణాన్ని బట్టి అందరి ఊపిరీ ఒకే చోట పడుతున్నందున గుండె వేగం కూడా కలిసి పెరుగుతూ తగ్గుతూ వస్తోందని తేలింది. నెమ్మదిగా సాగే పొడవైన పాదాలున్న పాట ముగిశాక గదిలో కనిపించే ఆ ప్రశాంతతకు కారణం సంగీతం ఒక్కటే కాకపోవచ్చు.

జలుబు చేసినప్పుడు, గొంతు మంటగా ఉన్నప్పుడు పాడవద్దు. సాధనకు మాత్రం వెళ్ళి, కాగితం చూస్తూ వినండి.

నాలుగో మెట్టు: శ్రుతిలో కుదురుకోవడం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే బృందగానంలోని సుఖమంతా ఈ మెట్టు మీదే ఉంది.

ఇద్దరు ఒకే స్వరం పాడుతున్నారనుకుందాం. ఒకరు 440 హెర్ట్జ్ దగ్గర, మరొకరు 442 దగ్గర ఉంటే, ఆ ధ్వని సెకనుకు రెండుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ ఊగుతుంది. ఒకరు నెమ్మదిగా రెండోవారి వైపు జరిగేకొద్దీ ఆ ఊపు మందగించి, పూర్తిగా కలిసిన క్షణంలో ఆగిపోతుంది. ఈ ఊపును వినడం నేర్చుకున్నవారికి ఇక ఎవరూ శ్రుతి తప్పిందని చెప్పనక్కరలేదు. తోటి గాయకుణ్ణి ఒకరిని పక్కకు పిలిచి, ఆయన్ను ఒక స్వరం కదలకుండా పట్టుకోమని చెప్పి, మీరు కావాలనే కొంచెం కింది నుంచి మొదలుపెట్టి అతి నెమ్మదిగా పైకి జరగండి. మొదట కరుకుగా, తరువాత అలలుగా, చివరికి నిశ్చలంగా మారే ఆ ప్రయాణాన్ని పది రోజులు రోజుకు ఐదు నిమిషాలు వింటే చాలు.

తరువాత పంచమం. పంచమానికీ (ప) షడ్జమానికీ (స) ఉన్న కంపనాల నిష్పత్తి 3:2 కాబట్టి అది తేలికగా కుదురుతుంది, తప్పినా వెంటనే తెలుస్తుంది. చిక్కంతా అంతర గాంధారంతోనే, అంటే సరిగమల్లోని గ స్వరం పై రకంతోనే. దాని సహజ నిష్పత్తి 5:4. పియానోలోనూ కీబోర్డులోనూ పన్నెండు స్వరస్థానాలనూ సమానంగా పంచి అమర్చడం వల్ల, వాటిలో వినిపించే గాంధారం ఈ సహజ స్థానం కంటే అర స్వరంలో దాదాపు ఏడో వంతు ఎక్కువగా ఉంటుంది. కీబోర్డు పెట్టుకుని వరుస నేర్చుకున్న గాయకుడు అదే ఎత్తైన గాంధారాన్ని బృందంలోకి తీసుకువస్తాడు, వాయిద్యం ఆగి గొంతులే మిగిలినప్పుడు అది గరగరలాడుతుంది. తంబురా మీటుతున్నప్పుడు చెవి పెట్టి వింటే, ఏ తీగనూ గాంధారానికి బిగించకపోయినా, షడ్జమపు తీగ నుంచి సన్నగా ఒక గాంధారం లేస్తుంది. అది ఆ తీగ అతిస్వరాల్లో ఒకటి (ప్రధాన స్వరాన్ని ఒకటిగా లెక్కిస్తే ఐదోది), అంటే ప్రకృతి ఇచ్చిన గాంధారం. మీ వరుసలో గాంధారం వచ్చినప్పుడల్లా పట్టుకోవలసింది దాన్నే. అందుచేత కొత్తవారికి నా సలహా, బాణీ నేర్చుకోవడానికి కీబోర్డు వాడండి, శ్రుతి నేర్చుకోవడానికి తంబురా వాడండి.

షడ్జమం, గాంధారం, పంచమం మూడూ ఇలా కుదిరినప్పుడే మొదట చెప్పిన ఆ పై స్వరం వినిపిస్తుంది. కింది స్వరం పాడేవారు కొంచెం నిండుగా, పంచమం వారు మధ్యస్థంగా, గాంధారం వారు అందరికంటే తేలికగా పాడితే అది త్వరగా పలుకుతుంది. గాంధారం బరువెక్కితే ఎంత సేపు నిలబడినా రాదు.

వాయిద్యం లేకుండా పాడేటప్పుడు బృందం మొత్తం మెల్లగా కిందికి జారిపోవడం అందరికీ తెలిసిన రోగం. అలసట ఒక కారణం, ఊపిరి అడుగంటడం మరొకటి. అయితే ఎక్కువసార్లు దొంగ దొరికేది దిగే స్వరాల్లో: దిగేటప్పుడు ప్రతి అడుగూ కొంచెం పెద్దదిగా, ఎక్కేటప్పుడు ప్రతి అడుగూ కొంచెం చిన్నదిగా పడుతుంది. దిగేటప్పుడు పిసినారిగా, ఎక్కేటప్పుడు ధారాళంగా ఉండాలన్నది మా బృందంలో పాతకాపులు చెప్పే మాట.

ఐదో మెట్టు: వరుసను ఇంటి దగ్గర నేర్చుకోవడం

సాధన గది వరుస నేర్చుకునే చోటు కాదు, నేర్చుకున్న వరుసలను కలిపే చోటు. ఇది గుర్తించని బృందాలు ఏళ్ళ తరబడి ఒకేచోట తిరుగుతాయి.

ముందు సాహిత్యాన్ని స్వరం లేకుండా, తాళం వేస్తూ చదవండి. తరువాత బాణీని సాహిత్యం లేకుండా స్వరాలతో పాడండి. రెండూ విడివిడిగా వచ్చాకే కలపండి. చూసి పాడే విద్యకు స్వరాల పేర్లు ఎంత ఆసరా అవుతాయో 11వ శతాబ్దంలోనే ఇటలీలోని అరెజ్జోకు చెందిన గ్విదో అనే సన్యాసి గుర్తించాడు. బృందంలో పాడే పిల్లలు ప్రతి పాటనూ గురువు నోటి నుంచే బట్టీపట్టడం చూసి, ఆయన ఆరు స్వరాలకు ఆరు అక్షరాలు పెట్టి, గీతల మీద స్వరాలు రాసి నేర్పించాడు. పదేళ్ళ చదువు ఈ పద్ధతిలో ఒకటి రెండేళ్ళలో పూర్తవుతుందని రాసుకున్నాడు. సరిగమలు తెలిసినవారికి ఈ పని సగం పూర్తయినట్టే.

వరుస వచ్చిందని అనిపించాక అసలు పరీక్ష మొదలవుతుంది. మిగతా మూడు వరుసలను, లేదా కనీసం పై బాణీని ఫోనులో పెట్టి, దానికి ఎదురుగా మీ వరుస పాడండి. మొదటి నాలుగు సార్లు మీకు తెలియకుండానే పై బాణీలోకి జారిపోతారు. అది లోపం కాదు, చెవి పని చేస్తోందనడానికి గుర్తు. ఎక్కడ జారుతున్నారో అక్కడ కాగితం మీద పెన్సిలుతో గీత గీసి, ఆ చోటికి ముందున్న రెండు స్వరాలు, తరువాతి రెండు స్వరాలు మాత్రమే ఇరవై సార్లు పాడండి. పాట మొత్తాన్ని మొదటినుంచి మళ్ళీ మళ్ళీ పాడడం వల్ల వచ్చిన భాగమే ఇంకా బాగా వస్తుంది, రానిది అలాగే ఉండిపోతుంది. పెన్సిలు అన్నాను గనుక ఒక మాట: పెన్ను వాడకండి. బృందనాయకులు నిన్న చెప్పినదాన్ని ఇవాళ మార్చుకునే హక్కు ఉన్నవారు.

ఆరో మెట్టు: పక్కవారి గొంతులో కలవడం

నేను చేరిన మూడో వారంలో మా వరుసను చూసుకునే పెద్దాయన విరామంలో నా పక్కన కూర్చుని, "నీ గొంతు బాగుందయ్యా, కాదనను. కానీ నాకు అదొక్కటే వినిపిస్తోంది," అన్నారు. మెచ్చుకున్నారా, మందలించారా అన్నది ఇంటికి వెళ్ళాక గాని అర్థం కాలేదు. ఒంటరిగా పాడే అలవాటున్నవారికి ఈ మెట్టే కష్టం.

కొలత ఏమిటంటే, పక్కవారి గొంతు మీకు వినిపించకపోతే మీరు గట్టిగా పాడుతున్నారు. మీ గొంతు మీకు అసలే వినిపించకపోతే మీకు తెలియకుండానే అరవడం మొదలుపెడతారు. రెండూ వినిపించే మధ్యస్థానం వెతుక్కోవాలి. అనుమానం వచ్చినప్పుడు ఒక చేతిని చెవి వెనుక దొప్పలా పెట్టి చూసుకోవచ్చు. మెల్లగా పాడడమే కలవడం అనుకోవద్దు. కలయిక ప్రధానంగా అచ్చుల్లో ఉంటుంది. "ఈ" అన్నప్పుడు కొందరు పెదవులు సాగదీస్తారు, కొందరు గుండ్రంగా ఉంచుతారు. శ్రుతి ఒకటే అయినా ఆ రెండూ ఒకటిగా వినిపించవు. అద్దం ముందు నిలబడి ఆ, ఈ, ఊ, ఏ, ఓ అనే అచ్చులను ఒకే స్వరం మీద, దవడ వదులుగా ఉంచి, ఒకదానిలోంచి మరొకదానిలోకి జరుపుతూ పాడితే తేడా కంటికే కనిపిస్తుంది. తెలుగు అజంత భాష కావడం మన అదృష్టం; చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాదం చివర స్వరం నిలపడానికి చోటు దొరుకుతుంది. మాట చివర "స్" వంటి హల్లు వచ్చే భాషల్లో పాడేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ముప్పై మంది ముప్పై వేర్వేరు క్షణాల్లో దాన్ని పలికితే పాము బుసకొట్టినట్టు ఉంటుంది. అటువంటి చోట ఇద్దరు ముగ్గురికి మాత్రమే ఆ హల్లును అప్పగించి, మిగతావారు అచ్చు దగ్గరే ఆగిపోవడం మంచి పద్ధతి.

పొడవైన పాదాల్లో ఊపిరిని వంతులవారీగా తీసుకోవాలి. పక్కవారితో ముందే మాట్లాడుకోండి, ఇద్దరూ ఒకేచోట ఊపిరి తీసుకోకూడదు. పాదం చివర, అందరికీ పీల్చాలనిపించే చోట పీల్చకండి. దీర్ఘ స్వరం మధ్యలో సన్నగా తప్పుకుని, ఊపిరి తీసుకుని, హల్లు పలకకుండా అచ్చులోకే సన్నగా తిరిగిరండి. సరిగ్గా చేస్తే ఏ మనిషికీ సాధ్యం కానంత పొడవైన స్వరం శ్రోతకు వినిపిస్తుంది.

ఏడో మెట్టు: చేతుల్ని చూడడం

పాడేవారిలో చాలామంది కాగితంలో తలదూర్చి, బృందనాయకుని చేతులు పక్కకంటికి కనిపిస్తున్నాయిలే అనుకుంటారు. చెవిని నమ్ముకుని లయ పట్టుకోవచ్చుననే ధీమా ఇంకొకటి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు అటు చివర పది మీటర్ల దూరంలో ఉన్నవారి గొంతు మీ దగ్గరకు చేరేసరికి సెకనులో ముప్పై నాలుగో వంతు ఆలస్యమవుతుంది. దాన్ని విని మీరు పాడితే మీ ఆలస్యం కూడా దానికి తోడై పాట ఈడ్చుకుపోతుంది. శ్రుతిని చెవితో, లయను కంటితో పట్టుకోవాలి.

ఈ పాఠం నేను ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. ఒక ప్రదర్శనలో, పాట పతాకస్థాయికి చేరి, మూడు మాత్రల నిశ్శబ్దం తరువాత అందరం కలిసి ఎత్తుకోవాలి. నేను కాగితం చూస్తూ రెండే లెక్కపెట్టాను. ఆ నిండు నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటి, మంద్రస్థాయిలో, ఎంతో నమ్మకంగా లేచింది. బృందనాయకురాలు కన్నెత్తి కూడా చూడలేదు. చేయి ఒకటి మెల్లగా పైకి లేపి, మూడో మాత్ర పూర్తిగా గడిచాక మిగతావారిని లోపలికి తీసుకుంది. అప్పటినుంచి నిశ్శబ్దాలున్న చోట కాగితం మీద పెన్సిలుతో ఒక జత కళ్ళు గీసుకుంటాను. నిశ్శబ్దాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టండి, ఎత్తుగడకు ముందు నాయకుడు పీల్చే ఊపిరిని చూసి మీరూ పీల్చండి. ఊపిరి కలిస్తే ఎత్తుగడ దానంతట అదే కలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: వేదిక

ప్రదర్శన రోజున గొంతును ఆదా చేయండి, అంటే కబుర్లు తగ్గించండి. వేదిక మీద కొత్త మెరుగులు ప్రయత్నించవద్దు. తప్పు జరిగితే ముఖంలో చూపించకుండా తరువాతి ఎత్తుగడ కోసం చూడండి. శ్రోతల్లో చాలామందికి అది తెలియనే తెలియదు. వేదిక మీద ధ్వని సాధన గదిలో ఉన్నట్టు ఉండదు, అలవాటైన పక్క గొంతు వినిపించకపోవచ్చు. కంగారుపడి గట్టిగా పాడకుండా, సాధనలో పాడినంతే పాడండి.

జనసమూహం పెరిగేకొద్దీ ఈ ఆనందం పలచబడుతుందేమోనన్న సందేహం ఎవరికైనా ఉంటే ఎస్టోనియా వైపు చూడాలి. 1869లో తార్తు పట్టణంలో మొదలైన అక్కడి గాన మహోత్సవం ఇప్పుడు సాధారణంగా ఐదేళ్ళకొకసారి రాజధాని తాలిన్‌లో జరుగుతుంది, ఇటీవలి ఉత్సవాల్లో ముప్పై వేలకు పైగా గాయకులు పాల్గొన్నారు. ఆ దేశంతో పాటు లాత్వియా, లిథువేనియాల్లో ఉన్న ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2003లో గుర్తించింది.

నాకు మాత్రం చిన్న గుంపే ఇష్టం. సాధన ముగిసి కుర్చీలు సర్దుతున్నప్పుడు మాలో ఎవరో ఒకరు షడ్జమం ఎత్తుకుంటారు. మెట్ల కింద, గోడలు దగ్గరగా ఉన్నచోట, నలుగురైదుగురం గుండ్రంగా నిలబడి "ఊ" అంటూ ఒక్కొక్కరుగా చేరతాం. షడ్జమం, పంచమం, పై షడ్జమం, చివరగా గాంధారం. గాంధారం పట్టుకున్న అమ్మాయి కళ్ళు మూసుకుని దాన్ని వెంట్రుకవాసి కిందికి దించుతుంది. ఇంకొంచెం. ఉన్నట్టుండి ఎవరో తల పైకెత్తి చూస్తారు, తరువాత ఇంకొకరు, ఊపిరి అయిపోతున్నా ఎవరమూ ఆపం.